మామూలే అని రాసిన చెయ్యి

అధ్యక్ష స్థానంలో కూర్చుని, నేను ఎప్పుడు ముగిస్తానా అని కాకుండా ఎలా మొదలుపెడతానా అని చూస్తున్నట్టు ఓపిగ్గా ముఖం పెట్టిన మా ఏరియా మేనేజరు గారికి, వేదిక మీదున్న పెద్దలకి, వేదిక మీద కుర్చీలు చాలక కింద మొదటి వరసలో సర్దుకున్న అంతకన్నా పెద్దలకి, ఆరింటి బస్సు తప్పిపోతుందేమోనని గోడ వంక చూస్తున్న మిత్రులకి, టీ ఇంకా రాలేదేమని తలుపు వంక చూస్తున్న మిగతా మిత్రులకి, మూడో వరసలో కూర్చుని నా చొక్కా గుండీ ఊడిందని అక్కణ్నించే సైగ చేస్తున్న మా ఆవిడకి నమస్కారం.

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగానికి ఐదు నిమిషాలంటే ఏడాదికి తొమ్మిది సెకన్లు కూడా రావు. పైగా రిలీవర్ రాక నేను కూర్చున్న డబుల్ షిఫ్టులన్నీ కలిపితే శాఖే నాకు కొన్నేళ్లు బాకీ, కాబట్టి ఒక అరగంట వాడుకుంటే తప్పులేదనుకుంటాను. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్లు నన్ను మూలస్తంభం అన్నారు, వెన్నెముక అన్నారు, ఒకాయన గుండెకాయ అని కూడా అన్నారు. నాలో ఇన్ని భాగాలు బాగున్నాయని డాక్టరు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇంత మంచివాణ్నని ముందే తెలిసుంటే ఎప్పుడో రిటైరయ్యేవాణ్ని. తర్వాత ఈ గోడ గడియారం ఇచ్చారు. పొద్దెక్కాక పడుకుని పొద్దుగూకాక లేచిన మనిషికి ఇంతకాలానికి టైము చెప్పాలన్న మీ దయ నాకు అర్థమైంది. బ్యాటరీ మాత్రం నేనే కొనుక్కోవాలట. అదీ మన పద్ధతేలెండి. యంత్రం ఇస్తారు, నడిపేదాన్ని మనమే తెచ్చుకోవాలి.

మా చమురు పనిలో బావి ఎండిపోతే మూతేసి సిమెంటు పోస్తారు. మనిషి ఎండిపోతే సన్మానం చేస్తారు. నన్ను సన్మానించారు కాబట్టి మొదటి పద్ధతి కన్నా ఇది నయమే అనుకుంటున్నాను.

సరే, ఒక చిన్న పరీక్ష. ఈ హాల్లో మోకాళ్ల నొప్పి లేనివాళ్లు చేతులెత్తండి. (నవ్వులు) ముగ్గురు. అందులో ఒకరు టీ అందించడానికి వచ్చారు, ఒకరు ఫోటోలు తీసే ఆయన. మూడో చెయ్యి చివరి వరసలో తలుపు పక్కన కూర్చున్న మా స్టేషన్ ఆపరేటరమ్మది. అమ్మాయ్, నువ్వు చెయ్యి దించకు, నీ సంగతి చాలా చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట, బావుల చమురు వచ్చి చేరే మా స్టేషన్‌కి కొత్తవాళ్లు ఎనిమిది మంది వచ్చారు. అప్పటికి ఏడేళ్లుగా ఒక్క పోస్టూ నింపలేదు కాబట్టి మేం వాళ్లని ఎదురెళ్లి తీసుకొచ్చాం. ఒకబ్బాయి బస్సు దిగి, స్టేషన్ చూసి, ఊరెంత దూరమని అడిగి, అదే బస్సులో వెనక్కెళ్లాడు. ఇంకొకతను మేడల మీద సౌరఫలకలు బిగించే కంపెనీలో చేరి, వెళ్తూ వెళ్తూ ‘మీ చమురు ఇంకెన్నాళ్లు బాబాయ్, మహా అయితే మీ రిటైర్మెంటు దాకా’ అన్నాడు. కోపమొచ్చింది. మరొకతనికి పెళ్లి సంబంధం కుదిరితే, వారానికి రెండు రోజులు కూడా ఇంట్లో ఉండని అల్లుడు మాకెందుకని మామగారు ఉద్యోగం మాన్పించారు. మిగతా నలుగురూ ఏమయ్యారో అడగొద్దు, ఎక్కడున్నా సుఖంగా నిద్రపోతున్నారు. మిగిలింది ఈ అమ్మాయి ఒక్కతే.

కాంట్రాక్టు మీద వచ్చే కుర్రాళ్ల గురించి నేనేమీ అనను, వాళ్ల తప్పు లేదు. మూడు నెలలకొకసారి మారిపోతారు. నాకు వాళ్ల పేర్లు నోటికొచ్చేసరికి వాళ్లకి కాంట్రాక్టు అయిపోతుంది. ఇదంతా జరుగుతుంటే మన గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు, ‘మనుషులే మన అసలైన నిధి’ అని. మనం నిధిని ఏం చేస్తామో మనకి తెలుసు కదండీ. ఉన్నంతసేపూ తోడతాం. (నవ్వులు, చప్పట్లు)

సార్ కూడా నవ్వారు. థాంక్యూ సార్. మీరు నవ్వుతుండగానే అసలు విషయంలోకి వస్తాను.

నన్ను స్టేషన్లో అందరూ మామూలు బాబాయ్ అంటారు. చాలామంది నేను చాలా మామూలు మనిషిననో, మామూళ్లు పుచ్చుకుంటాననో అనుకున్నారు. రెండూ కాదు. షిఫ్టు అయిపోయాక లాగ్‌బుక్కులో ఆ ఎనిమిది గంటల్లో ఏం జరిగిందో రాసి సంతకం పెట్టాలి. నేను రాసే మాట ఒక్కటే. ‘మామూలే.’

పుట్టుకతో నేర్చిన విద్య కాదిది. చేరిన కొత్తలో నేనూ ఉత్సాహవంతుణ్నే. ఒకరోజు ఒత్తిడి చూపే గేజి ముల్లు వణుకుతోందని ఉన్నదున్నట్టు రాశాను. వారంలో నాలుగు సంజాయిషీలు అడిగారు. ఎందుకు వణికింది, ఎవరు చూస్తుండగా వణికింది, ఎవరి అనుమతితో వణికింది, ఇకమీదట వణకకుండా నువ్వు తీసుకునే చర్యలేమిటి. నాలుగో కాగితానికి జవాబు రాసేటప్పుడు గేజి బానే ఉంది గాని నా చెయ్యి వణికింది. అప్పుడు మా సీనియరు ఒకాయన నా పక్కన కూర్చుని, ‘ఒరేయ్, మామూలే అని రాయి, మామూలుగా బతుకు’ అన్నాడు. అదే నాకు మంత్రోపదేశం. తర్వాత నేనే గురువునయ్యాను. మా స్టేషన్లో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు హెల్మెట్ ఇచ్చి ఈ మాట నేర్పాను.

ఆ మాట కింద ఏముండేదో ఇప్పుడు చెబుతాను, ఎలాగూ పెన్షన్ కాగితాల మీద సంతకాలైపోయాయి. మూడో గేజి పది ఎక్కువ చూపిస్తుంది, పుట్టు అబద్ధాలకోరు, మేం మనసులోనే పది తీసేసి చదువుకుంటాం. రెండో పంపు మొదలెట్టేముందు కింద ఎడమవైపు మడమతో ఒక్కటి తన్నాలి, గట్టిగా కాదు, ఇంట్లోవాళ్లని నిద్రలేపినట్టు. వాన పడితే అలారం ఊరికే మోగుతుంది, వాన లేనప్పుడు మోగితే మాత్రం పరిగెత్తాలి. ఇవన్నీ నా బుర్రలో ఉన్నాయని తెలిసి పోయిన నెల ‘అనుభవ బదిలీ’ అని ఒకాయన్ని కెమెరాతో పంపించారు. నలభై ఐదు నిమిషాల్లో మొత్తం అనుభవం చెప్పమన్నాడు. పంపు పక్కకి తీసుకెళ్లి, చెవి పెట్టి వినండి, ఈ చప్పుడులో ఒక గొణుగుడు ఉంటుంది, అది ఆగితే ప్రమాదం అన్నాను. ఆయన పాపం చెవి పెట్టాడు. చప్పుడు ఎక్కువగా ఉంది సార్, పంపు ఆపించి చెబుతారా అన్నాడు. (నవ్వులు)

ఇక ఈ అమ్మాయి సంగతి. చేరిన రెండో వారం ఒంటరిగా లాగ్‌బుక్కు రాసింది. నేను పొద్దున వచ్చి చూద్దును కదా, మూడు పేజీలు. ఏ వాల్వు ఎన్ని గంటలకు బిగుసుకుంది, ఎవరు చక్రం పట్టుకుంటే ఎవరు సుత్తితో కొట్టారు, ఒక్కరే అయితే ఎందుకు కుదరదు, అన్నీ. నేను అందరి ముందూ ఆ పేజీలు పైకి చదివి, ‘అమ్మా, నిన్ను ఆపరేటరుగా తీసుకున్నారా, నవల రాయడానికి తీసుకున్నారా’ అన్నాను. కంట్రోల్ రూం అంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆవిడ పేరు నవలమ్మ. ఆ మూడు పేజీలూ చింపేసి, మర్నాటి నుంచి ఆవిడ కూడా ‘మామూలే’ అని రాసింది. నేను మెచ్చుకున్నాను కూడా.

(గ్లాసు కోసం బల్ల మీద వెతికారు)

మంచినీళ్లు ఉన్నాయా? ఆఁ, చాలు.

పోయిన ఏడాది ఒక అధ్యయనం జరిగింది. సిబ్బంది కొరత తీర్చడం ఎలా అని. కొరత రెండు రకాలుగా తీర్చవచ్చుట. మనుషుల్ని పెంచడం ఒకటి, అవసరాన్ని తగ్గించడం రెండోది. రెండోది చవక. మంచి బట్టలేసుకున్న ఇద్దరు వచ్చి, స్టేషన్లోకి అడుగుపెట్టకుండా, బూట్లకి మట్టి అంటకుండా, ఇరవై ఐదేళ్ల లాగ్‌బుక్కులు పెట్టెల్లో పట్టుకెళ్లి కంప్యూటరు చేత చదివించారు. ఇరవై ఏడు వేల షిఫ్టులు. అందులో ఇరవై ఆరు వేల పైచిలుకు సార్లు ఒకే మాట. కంప్యూటరుకి మొహమాటం ఉండదు కదా, ఉన్నమాట చెప్పింది. ఈ స్టేషన్లో పాతికేళ్లుగా ఏమీ జరగలేదు, షిఫ్టుకి ఇద్దరు దండగ, ఒకరు చాలు అని. కాబట్టి నా పోస్టులోకి ఎవరూ రారు. సోమవారం పొద్దున ఆరు గంటల షిఫ్టులో నవలమ్మ ఒక్కతే కూర్చోవాలి.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా విషయంలో ఆ సామెత కూడా తప్పింది. గొయ్యి తీసింది నేను, పడబోయేది ఈ అమ్మాయి. నేను గడియారం పుచ్చుకుని ఇంటికి పోతున్నాను.

మన నిబంధనల పుస్తకం ఒకటి కంట్రోల్ రూంలో దారం కట్టి వేలాడదీసి ఉంటుంది. దాన్ని మేం ఎక్కువగా దోమల్ని కొట్టడానికి వాడాం. అందులో స్పష్టంగా ఉంది, ఇద్దరికి తక్కువ మందితో స్టేషన్ నడపకూడదని. దానికి మినహాయింపు కావాలంటే, ఇద్దరు అవసరమైన సంఘటన ఏదీ రికార్డులో లేదని అధికారి సంతకం పెట్టాలి. ఆ కాగితం సార్ టేబులు మీదకి వచ్చిందని, ఇంకా సంతకం కాలేదని, సోమవారం లోపు కావాలని విన్నాను. రికార్డులో నిజంగానే లేదు మరి. సార్ అబద్ధం ఆడుతున్నారని ఎవరూ అనలేరు.

(అధ్యక్షులు చీటీ పంపారు)

‘క్లుప్తంగా.’ అలాగే సార్. మీ అక్షరాలు ఏం మారలేదు, ఆ ‘ప్త’ ఇంకా అలాగే రాస్తున్నారు. ఆ సంగతికే వస్తున్నాను.

ఇరవై రెండేళ్ల కిందట, వానాకాలం, మధ్యాహ్నం మూడున్నర. షిఫ్టులో ఇద్దరం. నేనూ, చేరి నాలుగు నెలలైన ఒక ట్రైనీ ఇంజనీరు బాబూ. తెల్లగా, సన్నగా, సేఫ్టీ బూట్లు ఒక నంబరు పెద్దవి దొరికితే లోపల కాగితాలు కుక్కుకుని తిరిగేవాడు. మా స్టేషన్ చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. బావుల్నించి చమురూ గ్యాసూ నీళ్లూ కలగలిసి వస్తాయి. ఒక పెద్ద ఇనప ట్యాంకులో మూడింటినీ వేరు చేస్తాం. గ్యాసు పైనుంచి పోవాలి. పోయే దారి మూసుకుని, వచ్చే దారి తెరిచి ఉంటే ఆ ట్యాంకు ఎంతసేపు ఊరుకుంటుందో మీరే ఊహించుకోండి.

ఆ రోజు పోయే దారి వాల్వు తనంతట తానే మూసుకుంది. నేను పరిగెత్తి చేత్తో చక్రం తిప్పి తెరిచాను. వదిలితే మళ్లీ మూసుకుంటోంది. లోపల స్ప్రింగు విరిగింది. అంటే పట్టుకుని నిలబడాలి. వచ్చే దారి మూసే చక్రం రెండు వందల అడుగుల అవతల, పైపులు దాటుకుంటూ పోవాలి. గేజి ముల్లు ఎర్రగీత మీద ఉంది. నేను చక్రం వదల్లేను, వదలకుండా అక్కడికి పోలేను. జోరున వాన. ‘పరిగెత్తు బాబూ’ అని అరిచాను.

పరిగెత్తాడండీ. అంత బాగా పరిగెత్తిన మనిషిని నేను మళ్లీ చూళ్లేదు. రెండో పైపు దగ్గర జారిపడ్డాడు. లేచాడు. ఒక బూటు బురదలో ఉండిపోయింది, వెనక్కి చూడలేదు. ఒంటి బూటుతో ఆ చక్రం మీద పడి తిప్పాడు. తిప్పినన్నిసార్లూ ‘ఇంకెంత అన్నా, ఇంకెంత’ అని అరుస్తున్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! అయిపోవచ్చింది, అయిపోవచ్చింది అంటున్నాను. పదకొండు నిమిషాలు. ముల్లు దిగింది. ఇద్దరం వానలో సిమెంటు మీద కూలబడి, పిచ్చివాళ్లలా నవ్వాం. తర్వాత ఆ బాబు ఏడ్చాడు. తర్వాత నేనూ ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

లోపలికి వచ్చాక ఆ బాబు లాగ్‌బుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని, ‘ఏం రాయాలన్నా?’ అన్నాడు. స్ప్రింగు మార్చమని మేం మూడుసార్లు నోటితో అడిగాం, కాగితం మీద పెట్టలేదు. రాస్తే విచారణ వస్తుంది, ఈ కుర్రాడి ప్రొబేషన్ ఆగిపోతుంది. ‘మామూలే అని రాయి’ అన్నాను. నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. రాశాడు. మర్నాడు పాత సామాన్ల కుప్పలోంచి ఒక స్ప్రింగు పీక్కొచ్చి వేశాం. ఇంకో నాలుగు నెలలకి ఆ బాబుకి హెడ్డాఫీసుకి బదిలీ అయింది. ఆ రోజు మొదలెట్టిన పరుగు హెడ్డాఫీసు దాకా ఆగలేదని మేం వేళాకోళం ఆడేవాళ్లం. చాలా పైకి వచ్చాడు. మా స్టేషన్ నుంచి అంత పైకి వచ్చింది గ్యాసు తర్వాత ఆయనే.

(నవ్వులు. తర్వాత అందరూ అధ్యక్షుల వైపు చూశారు.)

అవునండీ. ఆయనే. ఇప్పుడు వేదిక మీద అధ్యక్ష స్థానంలో ఉన్నారు.

సార్, మిమ్మల్ని సభలో నిలబెట్టాలని చెప్పలేదు. బూటు సంగతి ఇరవై రెండేళ్లు నేనెవరికీ చెప్పలేదు, మీరూ చెప్పలేదు. చెప్పుకోదగ్గ పని మీరు చేశారు, చెప్పుకోకుండా నేను చేశాను. కంప్యూటరు చదివిన ఇరవై ఆరు వేల ‘మామూలే’లలో అదీ ఒకటి. మీ అక్షరాల్లో ఉంది. ఇద్దరం ఉండబట్టి పదకొండు నిమిషాల్లో ముల్లు దిగింది. ఒక్కరే ఉంటే ఈ సభ లేదు, ఈ గడియారం లేదు, క్లుప్తంగా అని చీటీ పంపడానికి మీరూ లేరు.

ఆ సాయంత్రం నేను ఇంటికెళ్లాను. రెండు అరచేతులూ బొబ్బలు. అన్నం ముద్ద పట్టుకోలేక చెంచా అడిగాను. మా ఆవిడ నా చేతులు చూసి, షిఫ్టు ఎలా జరిగిందని అడిగింది. మామూలే అన్నాను. మందు తెచ్చి రాసింది. మా కూతురు పుట్టిన రోజున కూడా రిలీవర్ రాక రెండో షిఫ్టు చేసి మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, పనెలా ఉందని మంచం మీంచి ఆవిడే అడిగింది. అప్పుడూ నేను అదే మాట అన్నాను. నా ‘మామూలే’ని సరిగ్గా చదివిన మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. ఆవిణ్ని పిలిచి చదివించుకుని ఉంటే ఆ అధ్యయనం బాగుపడేది. (నవ్వులు) మూడో వరసలో అలా తల వంచుకోకు, నిజమే కదా.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. పోయినవారం నాకు ఒక ఉత్తరం వచ్చింది. ఈ రోజు సాయంత్రం ఐదింటికి నన్ను సాగనంపి, సోమవారం పొద్దున ఆరింటికి సలహాదారుగా రమ్మని. ఆర్నెల్ల కాంట్రాక్టు. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గాని, పొమ్మని పూలు చల్లి వెనక గుమ్మంలోంచి రమ్మనడం ఇదే చూడటం. అయినా నిజం చెబుతున్నాను, సంబరపడ్డాను. నేను లేకపోతే స్టేషన్ నడవదని రాసిచ్చినట్టే కదా! సంతకం పెట్టబోయాను కూడా.

మొన్న ఆదివారం నవలమ్మ మా ఇంటికి వచ్చింది. ఉత్తరం చూసింది. ‘బాబాయ్, సంతకం పెట్టొద్దు’ అంది.

‘ఒక్కదానివే ఉంటావే పిచ్చిమొహమా, నీ కోసమే వస్తున్నాను’ అన్నాను.

‘మీరు వస్తే కుర్చీ నిండుతుంది గాని పోస్టు నిండదు. ఆర్నెల్లు, ఇంకో ఆర్నెల్లు. ఆ తర్వాత మీ మోకాళ్లు మొరాయిస్తాయి, నేను ఒంటరిగానే మిగులుతాను. అప్పటికి ఎవరికీ గుర్తు కూడా ఉండదు. నాకు కావలసింది మీరు కాదు బాబాయ్. రెండో మనిషి.’

చూశారా ఆ మాట! ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నువ్వు నాకు అక్కర్లేదని ముఖాన చెప్పిన మొదటి మనిషి ఈవిడే. ఒళ్లు మండిపోయింది. టీ కూడా తాగకుండా పంపించాను. వెళ్తూ గుమ్మంలో నిలబడి, ‘సోమవారం ఆరింటికి రెండో మనిషి రాకపోతే నేను పంపులు మొదలెట్టను. ఆపేశానని, ఎందుకు ఆపేశానో లాగ్‌బుక్కులో రాస్తాను. ఎన్ని పేజీలైతే అన్ని పేజీలు’ అంది. ఇద్దరు చిన్నపిల్లలు ఆవిడకి. ఉద్యోగం పోతే ఎలాగో ఆవిడకి తెలుసు. నాకు నిద్ర పట్టలేదు. నేను చెయ్యాల్సిన పని, నేను నవ్వుల పాలు చేసిన పిల్ల చెయ్యబోతోంది. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అమ్మాయ్, ఆ రోజు నీ మూడు పేజీలు అందరి ముందూ చదివి నవ్వాను. అందరి ముందే చెబుతున్నాను, తప్పు నాది.

(కింద పెట్టిన సంచీ పైకి తీశారు)

ఈ సంచీలో ఉన్నది నేను ఇంటికి పట్టుకెళ్లే గడియారం అనుకుంటున్నారేమో. లాగ్‌బుక్కు. కంట్రోల్ రూం దాటి బయటికి తేకూడదని రూలు. నా మీద చర్య తీసుకోవాలంటే ఐదింటి దాకా టైముంది, తర్వాత నేను దొరకను. స్టేషన్ గాలికొదిలేసి వచ్చామని కంగారుపడకండి. ఈ సభ కోసం పక్క స్టేషన్ నుంచి ఇద్దరిని తెచ్చి కూర్చోబెట్టారు. చూశారా, సన్మానానికైతే రెండో మనిషి దొరుకుతాడు. (నవ్వులు)

ఈ పొద్దున నా ఆఖరి షిఫ్టు. ఉన్నదంతా రాశాను. ఏడింటికి వాల్వు బిగుసుకుంటే ఆ అమ్మాయి చక్రం పట్టుకుంది, నేను కొట్టాను. తొమ్మిదింబావుకి మూడో గేజి మళ్లీ అబద్ధమాడింది. రెండో పంపుని తన్నాను. తర్వాత కింద ‘ఆలస్యంగా నమోదు’ అని గీత గీసి, ఇరవై రెండేళ్ల కిందటి మధ్యాహ్నం మూడున్నరది కూడా రాశాను. స్ప్రింగు, వాన, రెండు వందల అడుగులు, పదకొండు నిమిషాలు, ఒక బూటు. మొత్తం ఐదు పేజీలొచ్చింది. నవలమ్మ మూడు పేజీల దగ్గరే ఆగింది, ఆ రికార్డు ఇప్పుడు నాది. పేజీ గుర్తు కోసం మధ్యలో ఒక కాగితం పెట్టాను. అది నా కాంట్రాక్టు ఉత్తరం సార్, సంతకం లేదు, మీరే ఉంచుకోండి.

ప్రతి పేజీ చివరా ఉన్నట్టే ఈ పేజీ చివరా ఒక గడి ఉంది, ‘చూసిన అధికారి’ అని. నేను చేరినప్పటి నుంచి అది ఖాళీ. మీరు చూశానని సంతకం పెడితే, రికార్డులో ఏమీ లేదని రేపు మీ టేబులు మీదున్న ఆ మినహాయింపు కాగితం మీద పెట్టలేరు. మీకు తెలుసు, నాకూ తెలుసు. పెట్టకపోయినా నేనేమీ అనను. గడియారం తీసుకుని ఇంటికి పోతాను. కానీ ఆ రోజు నేను చక్రం ఎందుకు వదల్లేదో తెలుసా బాబూ? నువ్వు అవతల ఉన్నావని. అవతల మనిషి ఉన్నాడని తెలిస్తే చెయ్యి బొబ్బలెక్కినా పట్టు వదలదు. ఈ అమ్మాయికి కూడా అవతల ఒక మనిషి ఉండాలి.

క్షమించండి సార్. బాబూ అనేశాను, నువ్వు అని కూడా అనేశాను.

(అధ్యక్షులు లేచి పుస్తకం అందుకున్నారు. నిలబడే చదవడం మొదలుపెట్టారు. టీ వచ్చింది, ఎవరూ తీసుకోలేదు.)

తొందరేం లేదు సార్, నిదానంగా చదవండి. బస్సుని ఆపమని ఎవరైనా చెప్పండయ్యా.

పెన్నా? ఇదిగోండి, ఇందాక మీరిచ్చిందే. గడియారంతో పాటు ఇచ్చారుగా. దీనికి బ్యాటరీ అక్కర్లేదు.

(అధ్యక్షులు రాసి, పుస్తకం మూయకుండా తిరిగి ఇచ్చారు)

నా కళ్లజోడు జేబులో... వద్దులే. అమ్మాయ్, ఇలా రా. నువ్వే చదువు, పైకి చదువు. వెనక వాళ్లకి వినబడాలి.

(ఆపరేటరు చదివారు: ‘చూశాను. నిజమే. పరిగెత్తింది నేనే. ఎడమ కాలి బూటు.’ కింద సంతకం, తేదీ.)

(చప్పట్లు. చాలాసేపు.)

ఎడమ కాలిదా! ఇన్నేళ్లూ కుడి కాలిదనుకున్నాను. చూశారా, రాయకపోతే ఇలాగే అవుతుంది.

అమ్మాయ్, పుస్తకం భద్రంగా కంట్రోల్ రూంకి చేర్చు. సోమవారం నీతో ఎవరు కూర్చుంటారో నాకు తెలియదు. ఎవరైనా సరే, మొదటిరోజు హెల్మెట్ ఇవ్వు, రెండో పంపుని ఎక్కడ తన్నాలో చూపించు. ఆ మాట మాత్రం నేర్పకు.

ఈ సభ ఏర్పాటు చేసినవాళ్లకి, కుర్చీలు మోసినవాళ్లకి, చల్లారిపోయిన టీ తాగబోతున్న మీ అందరికీ, ఇన్నేళ్లు నా బొబ్బలకి మందు రాసిన మా ఆవిడకి, చూశానని రాసిన సార్‌కి నా కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంలో నేను ఒక మాట ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు వచ్చింది, రెండో మనిషి దొరికితే చూద్దామని. దొరుకుతాడని ఇవాళ నమ్మకం కలిగింది కాబట్టి, ఆఖరిసారి అడుగుతున్నాను.

సెలవు.